శబ్ద సందేహాలు: పిన్ను పట్టినంత మాత్రాన కేబులు కుదిరినట్టు కాదు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఎనిమిది, పదహారు, ఇరవై నాలుగు చానళ్లను ఒకే తొడుగులో మోసుకెళ్లే కేబుళ్ల గురించే ఉన్నాయి. వాటిలో నాలుగింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: ఇంట్లోనే చిన్న రికార్డింగ్ స్టూడియో పెట్టుకున్నాను. ఎనిమిది అవుట్‌పుట్లున్న ఆడియో ఇంటర్‌ఫేసుకు వెనక 25 పిన్నుల కనెక్టరు ఉంది. ఒకవైపు ఆ కనెక్టరు, మరోవైపు ఎనిమిది పి-38 (పావు అంగుళం) స్టీరియో జాక్‌లు ఉండేటట్టు ఒక కేబులు చేయించి, మిక్సరుకు కలిపాను. ఇంటర్‌ఫేసు 1లోంచి పంపిన పాట 7 అని రాసి ఉన్న జాక్‌లో వస్తోంది. 2లోది 6లో, 3లోది 5లో వస్తున్నాయి. 4 మాత్రం దాని చోటే ఉంది. 8వ జాక్‌లో ఏమీ లేదు. వచ్చినవి కూడా నీరసంగా, వెనక సన్నటి హమ్‌తో వస్తున్నాయి. ఇంటర్‌ఫేసు చెడిపోయిందా?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మీ ఇంటర్‌ఫేసు నిక్షేపంగా ఉంది. ఏ చానలు ఎక్కడ తేలుతోందో మీరు ఓపికగా రాసి పంపినందువల్ల, కేబులు విప్పి చూడకుండానే తప్పు ఎక్కడ జరిగిందో చెప్పగలుగుతున్నాను. దాన్ని సోల్డరింగ్ చేసినవారు పిన్నులను వెనకవైపు నుంచి చూస్తూ, ముందువైపు నుంచి చూసినట్టుగా లెక్కపెట్టారు. అద్దంలో చూసి రాసిన అక్షరాల్లాగా, వరుస మొత్తం కుడి ఎడమలు తారుమారైంది.

ఈ 25 పిన్నుల కనెక్టరులో పై వరుసలో 13, కింది వరుసలో 12 పిన్నులు ఉంటాయి. స్టూడియో పరికరాల్లో అనలాగ్ శబ్దానికి దీన్ని వాడే పద్ధతి 1993 ప్రాంతంలో వచ్చిన టాస్కామ్ డిఎ-88 రికార్డరుతో బాగా వ్యాపించింది. అందుకే ఇప్పటికీ దుకాణాల్లో దాన్ని టాస్కామ్ వరుస అనే అంటారు. ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ 2012లో అదే వరుసను ఏఈఎస్59 అనే పేరుతో ప్రమాణంగా స్థిరపరిచింది. ప్రతి చానలుకూ మూడు తీగలు: శబ్దాన్ని మోసే హాట్, అదే శబ్దాన్ని తిరగేసి మోసే కోల్డ్, బయటి రొదను అడ్డుకునే షీల్డు. ఆ ప్రమాణం ప్రకారం మొదటి చానలుకు హాట్ 24వ పిన్ను, కోల్డ్ 12వ పిన్ను, షీల్డు 25వ పిన్ను. ఎనిమిదో చానలుకు హాట్ 1, కోల్డ్ 14, షీల్డు 2. మధ్యలో ఉన్న ఆరు చానళ్లు ఇదే క్రమంలో ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తాయి. 13వ పిన్ను మాత్రం ఖాళీగా ఉంటుంది.

ఇప్పుడు దీన్ని తిప్పి చూడండి. 24వ పిన్నుకు వెళ్లవలసిన తీగ 15వ పిన్ను మీద పడుతుంది, అది ఏడో చానలు హాట్. అందువల్ల మొదటి జాక్‌లో ఏడో చానలు, ఏడో జాక్‌లో మొదటి చానలు వినిపిస్తాయి. నాలుగో చానలు హాట్ 7వ పిన్ను, అది పై వరుసకు సరిగ్గా నడిమధ్యన ఉంది కాబట్టి ఎటు నుంచి లెక్కపెట్టినా చోటు మారదు. ఎనిమిదో జాక్ హాట్ తీగ వెళ్లి ఖాళీగా ఉన్న 13వ పిన్ను మీద కూర్చుంది, కాబట్టి అక్కడ నిశ్శబ్దం. ఇక నీరసానికి కారణం కూడా ఇదే: ప్రతి జాక్‌లోనూ కోల్డ్ ఉండవలసిన చోట పక్క చానలు షీల్డు, షీల్డు ఉండవలసిన చోట పక్క చానలు కోల్డ్ చేరాయి. హాట్, కోల్డ్ రెండూ కలిసి ఇవ్వవలసిన బలంలో సగమే మిక్సరుకు అందుతోంది, అంటే సుమారు 6 డెసిబెల్స్ తక్కువ. జంటగా వెళ్లే తీగల మీద సమానంగా పడిన రొదను మిక్సరు కొట్టివేసే ఏర్పాటు కూడా దెబ్బతిన్నది. మీకు వినిపిస్తున్న హమ్ అక్కడి నుంచే వస్తోంది.

నమ్మకం కుదరడానికి మల్టీమీటరును బీప్ మీద పెట్టి, ఒక మొనను 1వ జాక్ కొసకు ఆనించి, రెండో మొనతో కనెక్టరు పిన్నులను ఒక్కొక్కటే తాకండి. 24 మీద మోగాలి, మీ కేబులులో 15 మీద మోగుతుంది. పిన్నుల పక్కన ప్లాస్టిక్ మీద చీమ తలకాయంత అంకెలు అచ్చువేసి ఉంటాయి, సెల్‌ఫోన్ లైటు వేసి చూస్తే కనిపిస్తాయి. వెడల్పు వరుస పైకి వచ్చేటట్టు పట్టుకుని పిన్నులకేసి చూస్తే 1 ఎడమ చివర ఉంటుంది. అదే సోల్డరింగ్ వైపు తిప్పితే 1 కుడి చివరకు వస్తుంది. నేను చేసిన మొట్టమొదటి కేబులులో సరిగ్గా ఈ పొరపాటే చేశాను. ఒక రాత్రంతా కూర్చుని 24 అతుకులూ విప్పి మళ్లీ వేశాను, అప్పటి నుంచి తలకిందులు చేసిన ఒక బొమ్మను గోడకు అంటించుకున్నాకే సోల్డరింగ్ ఐరన్ వేడెక్కిస్తున్నాను. కేబులు చేసిచ్చిన వారికి ఈ వివరం చూపించి మళ్లీ వేయించుకోండి. తీగలన్నీ కొత్తవే కాబట్టి పారేయవలసిన పని లేదు.

మీ ఉత్తరం అందరికీ పనికివచ్చే మరొక మాటకు దారి తీసింది. ఈ 25 పిన్నుల గూడు ఒకటే అయినా, దాని లోపల నడిచేది ఒకటే కాదు. ఎనిమిది అనలాగ్ చానళ్లు నడవవచ్చు. నాలుగు జంటలు లోపలికి, నాలుగు జంటలు బయటికి వెళ్లే ఏఈఎస్ డిజిటల్ నడవవచ్చు. దానిలో టాస్కామ్ వరుస వేరు, యమహా వరుస వేరు. పాత టాస్కామ్ డిజిటల్ రికార్డర్లలో టిడిఫ్ అనే మరొక పద్ధతి ఉండేది, దానికీ ఇదే గూడు. పాత కంప్యూటర్ల వెనక ప్రింటరుకు ఉండే గూడు కూడా ఇదే. ఇంట్లో మూలన పడి ఉన్న అలాంటి కంప్యూటరు కేబులును తెచ్చి స్టూడియోలో తగిలించవద్దు, అందులో తీగలు చానలు చానలుకు జంటగా పురివేసి, విడివిడిగా షీల్డు చుట్టి ఉండవు. ఒక చానలులోని డప్పు పక్క చానలులోని గొంతులోకి కారుతుంది. డిజిటల్ జంటలకు 110 ఓములని రాసి ఉన్న కేబులే కావాలి. డిజిటల్ కేబులులో అనలాగ్ శబ్దం ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తుంది గాని, అనలాగ్ కేబులులో డిజిటల్ కొద్ది మీటర్లు దాటితే నమ్మడానికి లేదు.

కాబట్టి కేబులు కొనడానికి వెళ్లే ముందు రెండు పరికరాల మాన్యువళ్లలోనూ ఉన్న పిన్నుల పట్టికను ఫోటో తీసుకుని వెళ్లండి. దుకాణంలో గూడు చూపించి ఇలాంటిది కావాలని అడిగితే, గూట్లో పట్టేది ఇస్తారు, పనిచేసేది ఇస్తారన్న హామీ లేదు. మరలను కూడా ఒకసారి చూసుకోండి. కొన్ని పరికరాలకు 4-40 అనే అంగుళాల మర, కొన్నిటికి మూడు మిల్లీమీటర్ల మర ఉంటాయి. కంటికి రెండూ ఒకటే. వేలితో రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోతే స్క్రూ డ్రైవరు తేవద్దు, అది వేరే మర అని అర్థం. బలవంతం చేస్తే కేబులు కాదు, ఇంటర్‌ఫేసు గూడే ఊడి వస్తుంది.

ప్రశ్న: మాకు సౌండ్ సిస్టమ్ వ్యాపారం ఉంది. పెళ్లిళ్లు, ఆర్కెస్ట్రాలు, నాటక పోటీలు చేస్తుంటాం. వేదిక నుంచి మిక్సరు దాకా 50 మీటర్ల మల్టీకోర్ కొత్తది కొనాలి. 24 చానళ్లది ఒకచోట ఒక ధర, మరొకచోట దాదాపు సగం ధర చెప్పారు. రెండూ 24 గేజే అంటున్నారు. తేడా ఏమిటి? లైటింగ్ వాళ్లు డిమ్మర్లు వేయగానే స్పీకర్లలో జుయ్‌మనే రొద వస్తోంది. మంచి కేబులు కొంటే అది పోతుందా?
— ఒక సౌండ్ ఆపరేటరు, హనుమకొండ

జవాబు: ముందు సగం ధర సంగతి చూద్దాం. ఆ కేబులులోంచి అంగుళం ముక్క అడిగి తీసుకుని, తోలు వలిచి, ఒక్క పోగును గోటి మీద పెట్టి బ్లేడుతో మెల్లగా గీకండి. లోపల కూడా ఎర్రగా ఉంటే రాగి. తెల్లగా మెరిస్తే అల్యూమినియం మీద రాగి పూత పూసినది. చేతిలో పట్టుకున్నా తెలుస్తుంది, ఎందుకంటే అల్యూమినియం బరువు రాగి బరువులో మూడోవంతు కూడా ఉండదు, కేబులు పొడవుకు తగ్గ బరువు తూగదు.

ఇక్కడ ఒక విషయం నిజాయితీగా చెప్పాలి. అల్యూమినియం వల్ల పాట బాగుండదని కొందరు అంటారు, అది సరి కాదు. రాగి 24 గేజ్ తీగ 50 మీటర్లు వెళ్లి తిరిగి వచ్చేసరికి ఎదుర్కొనే నిరోధం ఎనిమిది, తొమ్మిది ఓములు. అల్యూమినియంలో అది ఒకటిన్నర రెట్లు కావచ్చు. వేయి ఓములకు పైగా ఉండే మిక్సరు ఇన్‌పుట్ ముందు ఆ పద్నాలుగు ఓములు లెక్కలోకి రావు. కేబులు పొడవు వల్ల కీచు స్వరాలు పోతాయన్న భయం కూడా మైకుల విషయంలో అక్కరలేదు. 200 ఓముల మైకుకు, మీటరుకు 100 పికోఫారడ్ల కేబులు 50 మీటర్లు తగిలిస్తే కోత మొదలయ్యేది దాదాపు 1,60,000 హెర్ట్జ్ దగ్గర. మన చెవికి అందేది 20,000 వరకే. తేడా శబ్దంలో లేదు, బతుకులో ఉంది. మీ కేబులు రోజూ చుట్టబడుతుంది, విప్పబడుతుంది, కుర్చీల కింద నలుగుతుంది, వ్యాను తలుపులో ఇరుక్కుంటుంది. అల్యూమినియం పోగులు అలా పదేపదే వంగితే పుటుక్కున తెగుతాయి, సోల్డరింగ్ కూడా సరిగ్గా పట్టదు. ఒకసారి నాటక పోటీల్లో, రెండో రోజు రాత్రి, నాయిక పాత్రధారి మైకు వస్తూ పోతూ ఉంటే నేను మైకు మార్చాను, మిక్సరులో చానలు మార్చాను, చివరికి వేదిక మీద మైకులు తగిలించే బాక్సు దగ్గర కేబులు మెడను వేళ్లతో వంచితే శబ్దం వచ్చింది, వదిలితే పోయింది. మిగిలిన నాటకమంతా ఒక కుర్రవాడు దాన్ని చేత్తో వంచి పట్టుకుని కూర్చున్నాడు. మర్నాడు విప్పి చూస్తే, తెగిన పోగులు లోపల తెల్లగా మెరుస్తున్నాయి. స్టూడియో గోడలో ఒకసారి పాతి మరచిపోయే కేబులైతే సగం ధరదానికి నేను ఇంత అడ్డు చెప్పను. మీ పనికి మాత్రం వద్దు.

షీల్డు విషయమూ అంతే. ప్రతి జంటకూ విడిగా అల్యూమినియం రేకు చుట్టి, పక్కనే ఒక వట్టి తీగ నడిపినది మల్టీకోర్లలో మామూలు. అది సన్నగా, తేలిగ్గా ఉంటుంది, రొదను బాగా ఆపుతుంది, కాకపోతే పదేపదే మడతపడితే రేకు చిట్లుతుంది. జంట జంటకూ రాగి పోగులు చుట్టినది, పైన మెత్తటి రబ్బరు తొడుగు ఉన్నది దొరికితే, ధర కొంచెం ఎక్కువైనా మీవంటి వారికి అదే మేలు.

కొనేముందు చానళ్లను మీ అసలు కార్యక్రమంతో లెక్కపెట్టండి. మామూలు పెళ్లి ఆర్కెస్ట్రాలో కీబోర్డులు రెండుంటే స్టీరియోగా నాలుగు, రిథమ్ ప్యాడ్‌కు రెండు, తబలాకు రెండు, ఢోలక్‌కు ఒకటి, గిటారు, బేస్ గిటారు, వేణువు, వయొలిన్‌కు ఒక్కొక్కటి, గొంతులకు నాలుగైదు, వ్యాఖ్యాతకు ఒకటి: పద్దెనిమిది, పంతొమ్మిదికి చేరుతుంది. 24 సరిపోతాయి. కాని తిరుగు చానళ్లను అందరూ మరచిపోతారు. మిక్సరు నుంచి వేదికకు పెద్ద స్పీకర్లకు రెండు, గాయకుల మానిటర్లకు నాలుగు వెళ్లాలంటే ఆరు కావాలి. నాలుగు తిరుగు చానళ్లున్న మల్టీకోర్ కొంటే మొదటి పెద్ద కార్యక్రమంలోనే వేరే తీగలు లాగవలసి వస్తుంది. 24 వెళ్లేవి, 8 తిరిగి వచ్చేవి ఉన్నది అడగండి. బాక్సు మీద వెళ్లే చానళ్లకు ఆడ కేనన్లు (మూడు పిన్నుల మైకు కనెక్టర్లు), తిరుగు చానళ్లకు మగ కేనన్లు ఉండాలి. మిక్సరు వైపు తోకల్లో ఇది తిరగబడుతుంది. తిరుగు చానళ్లలో మిక్సరు అవుట్‌పుట్ మాత్రమే పంపాలి. ఆంప్లిఫయరులోంచి వచ్చే స్పీకరు లైనును మైకుల పక్కన ఎన్నడూ నడపవద్దు.

ఇక డిమ్మర్ల రొద. 50 హెర్ట్జ్ కరెంటును డిమ్మరు సెకనుకు నూరుసార్లు కోస్తుంది, ఆ కోత చేసే చప్పుడే మీరు వింటున్న జుయ్. ఎంత ఖరీదు పెట్టినా, లైటింగ్ తీగలతో కలిపి కట్టగట్టిన మల్టీకోర్ దాన్ని పట్టుకుంటుంది. లైటింగ్ వాళ్లు వేదికకు ఒక పక్క నుంచి వస్తే మీరు రెండో పక్క నుంచి రండి. దాటక తప్పని చోట అడ్డంగా, కొలబద్దతో గీసినట్టు, సూటిగా దాటండి. జనరేటరు నుంచి సౌండ్‌కూ లైట్లకూ వేర్వేరు ఫేజులు అడగండి. కీబోర్డులు, గిటార్లు వంటివి సాదా పి-38 తీగతో నేరుగా బాక్సుకు పెట్టకుండా, పక్కనే డిఐ బాక్సు పెట్టి కేనన్‌గా మార్చి పంపండి, రొదలో సగం అక్కడే ఆగుతుంది. అప్పటికీ హమ్ మిగిలితే డిఐ బాక్సు మీద ఉండే గ్రౌండ్ లిఫ్ట్ మీట నొక్కండి. కరెంటు ప్లగ్గులోని లావు ఎర్తు పిన్నును విరిచేసి హమ్ పోగొట్టే అలవాటు మన వృత్తిలో ఉంది. దయచేసి అది మానండి. గిటారు తీగలు వేళ్ల కింద, మైకు పెదవుల దగ్గర పెట్టుకున్న మనిషికీ కరెంటుకూ మధ్య ఉన్న ఆఖరి కాపుదల ఆ పిన్ను ఒక్కటే.

కేబులును మోచేతికీ అరచేతికీ మధ్య చుట్టే పద్ధతిని కూడా మీ కుర్రవాళ్ల చేత మాన్పించండి, ప్రతి చుట్టుకూ లోపలి పోగులు ఒక మెలిక తిరుగుతాయి. ఒక చుట్టు పైనుంచి, మరో చుట్టు కిందినుంచి వేసి చుట్టడం గాని, చక్రానికి చుట్టడం గాని నేర్పండి.

ప్రశ్న: నా ఇంటర్‌ఫేసుకూ, ఎనిమిది మైకుల ప్రీఆంప్‌కూ మధ్య ఆప్టికల్ కేబులు వేశాను. 48 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటులో (శబ్దాన్ని సెకనుకు 48,000 సార్లు కొలిచే వేగంలో) ఎనిమిదీ వస్తున్నాయి, 96కు మార్చగానే నాలుగే వస్తున్నాయి. కేబులు తక్కువ రకమా?
— ఒక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: కేబులు మంచిదే. అడాట్ అనే ఆ పద్ధతి ఒక కేబులులో 48 కిలోహెర్ట్జ్ దాకా ఎనిమిది చానళ్లు మోస్తుంది, 96లో అవే దారులను రెండేసి కలిపి వాడుకుంటుంది కాబట్టి నాలుగే మిగులుతాయి. రెండు పరికరాలకూ రెండేసి ఆప్టికల్ గూళ్లు ఉంటే రెండో కేబులు వేసి ఎనిమిదీ పొందవచ్చు. ఒక పరికరాన్ని క్లాక్‌కు (రెండింటినీ ఒకే వేగంతో నడిపే గడియారానికి) యజమానిగా, రెండోదాన్ని దాన్ని అనుసరించేదిగా పెట్టారో లేదో చూడండి, లేకపోతే టిక్ టిక్ మనే చప్పుళ్లు వస్తాయి.

ప్రశ్న: మా చర్చిలో పాత 32 చానళ్ల మల్టీకోర్ తీసేసి, బెహ్రింగర్ ఎక్స్32 మిక్సరు, దానికి డిజిటల్ స్టేజ్ బాక్సులు (వేదిక మీద మైకులు తగిలించే పెట్టెలు) పెట్టాలనుకుంటున్నాం. వేదిక నుంచి బాల్కనీకి 40 మీటర్లు. అంత లావు కేబులు బదులు ఒక్క ఇంటర్నెట్ తీగ చాలంటున్నారు. మామూలు తీగ పనికొస్తుందా?
— ఒక సంఘ సభ్యుడు, గుంటూరు

జవాబు: ఒక్క తీగ చాలన్న మాట నిజమే. ఆ మిక్సరులో ఉన్న ఏఈఎస్50 దారి ఒక్కొక్కటి 48 కిలోహెర్ట్జ్‌లో అటు 48 చానళ్లు, ఇటు 48 చానళ్లు, ఎనభై మీటర్ల వరకు మోస్తుంది. మీ 40 మీటర్లకు అది ధారాళంగా సరిపోతుంది. కాని ఇంటికి వేసే షీల్డు లేని మామూలు తీగ వేయవద్దు. షీల్డు ఉన్న క్యాట్ 5ఇ గాని అంతకు పైది గాని తీసుకుని, రెండు చివర్లా లోహపు తొడుగు ఉన్న ఈథర్‌కాన్ కనెక్టర్లు బిగించి, షీల్డు ఆ లోహానికి రెండు వైపులా అతికిందో లేదో మీటరుతో చూడాలి. కార్పెట్ మీద నడిచి వచ్చిన మనిషి స్టేజ్ బాక్సును ముట్టుకుంటే చిటుక్కుమనే స్థిర విద్యుత్తు కూడా, షీల్డు సరిగా లేని చోట, ఒక క్షణం మొత్తం శబ్దాన్ని ఆపేయగలదు. ఏఈఎస్50ని మధ్యలో మామూలు నెట్‌వర్క్ స్విచ్ గుండా పంపడానికి వీలు లేదు, ఈ చివర నుంచి ఆ చివరకు నేరుగా వెళ్లాలి. డాంటే అనే మరొక పద్ధతికి స్విచ్‌లు పనికివస్తాయి, రెండింటినీ ఒకటిగా అనుకుని సామాను కొనవద్దు.

అనలాగ్ మల్టీకోర్‌లో ఒక జంట తెగితే ఒక మైకే పోతుంది. ఇక్కడ ఒక తీగ తెగితే ఆరాధన మధ్యలో అన్నీ ఒకేసారి పోతాయి. స్టేజ్ బాక్సుకు వేదిక మీద కరెంటు కూడా కావాలి, అది పోయినా ఇదే కథ. అందువల్ల అలాంటిదే మరో తీగను, మరో దారి గుండా, ఇప్పుడే పక్కన వేయించి ఉంచండి. తరవాత వేయాలంటే సీలింగు మళ్లీ విప్పాలి. పాత మల్టీకోర్‌ను కూడా లాగిపారేయకండి. దాని 32 చానళ్లలో మీటరుతో చూసి బాగున్న పన్నెండింటికి గుర్తులు పెట్టుకుంటే, పాస్టరుగారి మైకూ, గాయక బృందం మైకులూ మిక్సరు వెనక ఉన్న సొంత ఇన్‌పుట్లకు నేరుగా చేర్చుకోవడానికి దారి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.